మంచం పక్కన కూర్చున్నవారి సాక్ష్యం



మనవాళ్లెవరైనా ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు రాత్రిళ్లు ఆ మంచం పక్కన స్టూలు మీదనో, నేల మీద చాప పరచుకొనో కూర్చున్న అనుభవం మీలో చాలామందికి ఉంటుంది. సెలైన్ సీసా అయిపోవచ్చిందని కనిపెట్టేది మీరే. నర్సమ్మను పిలుచుకొచ్చేది మీరే. పక్క తడిసిన సంగతి మొదట తెలిసేదీ మీకే. డాక్టరుగారు రోజుకు ఒకటి రెండుసార్లు వచ్చి చూసి పోతారు. మిగిలిన పగలూ రాత్రీ రోగి బతుకు నర్సుల చేతిలో ఉంటుంది, మీ కళ్లెదుట ఉంటుంది. ఆ చెయ్యి సరిగా లేదని తోచినప్పుడు నోరు విప్పాలా వద్దా? విప్పితే మనిషిని ఇంకా నిర్లక్ష్యం చేస్తారేమోనన్న భయం అందరికీ ఉన్నదే. "ఎట్లాగో ఈ నాలుగు రోజులు గడిస్తే చాలు, ఇంటికి పోదాం" అనుకుంటాం. ఇంతకుముందు నోరు విప్పినవారికి ఏమయింది, వారి మాటవల్ల ఏమి మారింది అన్నది ఈనాటి మన ప్రసంగం.

మొదట 1854కు పోదాం. రష్యాతో క్రిమియా యుద్ధం జరుగుతున్నది. గాయపడ్డ, జబ్బుపడ్డ ఇంగ్లీషు సిపాయిలను ఓడల్లో తెచ్చి, కాన్‌స్టాంటినోపుల్ నగరానికి ఎదురుగా జలసంధికి ఇవతలి ఒడ్డున ఉన్న స్కుటారిలో, ఒక పెద్ద బారకాసులో పడుకోబెట్టేవారు. ఆ నగరంలో ఉన్న టైమ్స్ పత్రిక విలేఖరి థామస్ చెనరీ అక్టోబరులో తన పత్రికకు వరుసగా లేఖలు రాశాడు. చాలినంత మంది వైద్యులు లేరు, నర్సులు లేరు, చివరికి కట్టు కట్టడానికి పాత గుడ్డలు కూడా లేవని రాశాడు. పక్కనే ఫ్రెంచివారి ఆసుపత్రిలో సేవచేసే సన్యాసినులు ఉన్నారని కూడా చెప్పాడు. ఆ పోలిక లండనులో అందరికీ సూదిలా గుచ్చుకుంది. నెల తిరగకముందే, నవంబరు 4న, ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది స్త్రీలతో స్కుటారిలో దిగింది.

ఆ తరువాతి కథ మన పాఠ్యపుస్తకాలలో ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. చేతిలో దీపం, చీకటి వార్డు, కృతజ్ఞతతో చూసే సిపాయి. నేను ఉపాధ్యాయుణ్ణి కనుక ఆ బొమ్మను పిల్లలకు ఎన్నిసార్లు చూపించానో లెక్కలేదు. కాని దీపం ఒక్కటే చావులను ఆపలేదు. ఆమె వెళ్లిన తరువాతి చలికాలంలో కూడా చావులు పెరుగుతూనే పోయాయి. 1855 ఫిబ్రవరిలో స్కుటారిలో నూటికి 42 వంతున చనిపోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య సంఘం వచ్చి మురుగు కాలవలు బాగుచేసి, గాలి ఆడేట్టు చేసిన తరువాత జూనుకు అది నూటికి 2కు దిగింది. ఇంగ్లండుకు తిరిగివచ్చాక ఆమె విలియం ఫార్ అనే గణాంక నిపుణునితో కూర్చుని ఆ లెక్కలన్నీ తిరగేసింది. గాయాలవల్ల చచ్చినవారికన్నా నివారించగలిగిన జబ్బులవల్ల చచ్చినవారే ఎక్కువని రంగుల పటాలు గీసి అధికారుల ముందు పెట్టింది. ఆమె చేతిలోని దీపంకన్నా ఈ లెక్కల పుస్తకమే ఎక్కువ ప్రాణాలు కాపాడిందని నా అభిప్రాయం. మన దేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. అయినా 1863లో వెలువడిన భారత సైన్యపు ఆరోగ్య విచారణ నివేదిక వెనుక ఆమె శ్రమ ఎంతో ఉంది.

'నోట్స్ ఆన్ నర్సింగ్' అనే చిన్న పుస్తకంలో ఆమె చెప్పిన ఒక సంగతి గుర్తుంచుకోండి. రోగికి వీపు ఒరుసుకొని పడక పుండు వచ్చిందంటే తప్పు సాధారణంగా జబ్బుది కాదు, చూసుకొనే తీరుది అన్నది ఆమె భావం. ఇది డాక్టరు చదువు చదవనివారు కూడా కంటితో చూసి చెప్పగల సంగతి. మంచం పక్కన కూర్చున్న మనిషికి సాక్ష్యం చెప్పే అర్హత ఎక్కడినుంచి వచ్చిందంటే, ఇక్కడినుంచి వచ్చింది.

ఇప్పుడు ఆ నైటింగేల్ దేశంలోనే, నూటయాభై ఏళ్ల తరువాత జరిగినదానికి వద్దాం. ఇంగ్లండు నడిబొడ్డున స్టాఫర్డ్ అనే ఊరు ఉంది. అక్కడొక ప్రభుత్వ ఆసుపత్రి. 1948 నుంచి ఆ దేశంలో జాతీయ ఆరోగ్య సేవ కింద వైద్యం అందరికీ ఉచితం. అక్కడ మనలాగా రోగి పక్కన ఇంటివారు చాప వేసుకొని పడుకొనే ఆచారం లేదు. చూడవచ్చేవారికి వేళలు ఉంటాయి, వేళ కాగానే లేచి వెళ్లిపోవాలి. తక్కినదంతా నర్సులదే బాధ్యత. చక్కని ఏర్పాటే. కాని చూసే కన్ను ఒకటి తగ్గిందన్నమాట కూడా.

2007 సెప్టెంబరులో బెల్లా బెయిలీ అనే 86 ఏళ్ల ముసలమ్మ ఆ ఆసుపత్రిలో చేరింది. ఆమె కూతురు జూలీ బెయిలీ అదే ఊళ్లో చిన్న కాఫీ హోటలు నడుపుకొనే మనిషి. వార్డులో జరుగుతున్నది చూసిన తరువాత ఆమెకు తల్లిని ఒంటరిగా వదిలి ఇంటికి పోవడానికి మనసొప్పలేదు. తానూ, ఇంటివారూ వంతులు వేసుకొని సుమారు ఎనిమిది వారాలు పగలూ రాత్రీ ఆ మంచం పక్కనే ఉండిపోయారు. మనం మామూలుగా చేసే పనే, అక్కడ అది విడ్డూరం. అట్లా కూర్చున్నందువల్ల ఆమె తన తల్లినే కాదు, వార్డు మొత్తాన్ని చూసింది. గంట కొట్టి కొట్టి అలసిపోయినవారు, మలమూత్రాలలోనే గంటల తరబడి పడి ఉన్నవారు, చేతికందని దూరంలో పెట్టిన భోజనం పళ్లెం అట్లాగే వెనక్కి పోవడం అన్నీ కంటబడ్డాయి. దప్పికకు తాళలేక పూలకుండీలోని నీళ్లు తాగినవారున్నారని తరువాత బంధువులు సాక్ష్యం చెప్పారు. మాసిన దుప్పట్లు ఇంటికి తీసుకుపోయి ఉతికి తెచ్చినవారూ ఉన్నారు.

నవంబరులో తల్లి చనిపోయింది. మనలో చాలామందిమి అక్కడితో దణ్ణం పెట్టి ఊరుకుంటాం. జూలీ బెయిలీ స్థానిక పత్రికకు ఒక ఉత్తరం రాసింది. అది అచ్చయిన తరువాత ఒకరొకరే ఆమె హోటలుకు రావడం మొదలుపెట్టారు. "మా నాన్నకూ ఇట్లాగే అయింది", "మా ఆవిడకూ ఇట్లాగే" అంటూ వచ్చారు. ఎవరి దుఃఖం వారు ఇంట్లో దాచుకొని, తమ ఒక్కరికే ఇట్లా జరిగిందనుకొన్నవారు వాళ్లంతా. చనిపోయినవారి ఫోటోలు హోటలు గోడకు తగిలించారు. చిన్న సంఘంగా ఏర్పడ్డారు. చిన్న ఊరి హోటల్లో కాఫీ కప్పుల మధ్య పుట్టిన ఆ సంఘమే చివరికి ఒక దేశ ప్రభుత్వాన్ని విచారణకు నిలబెట్టింది.

ఇంతకూ ఆ నర్సులందరూ కఠినాత్ములా? ఇక్కడ తొందరపడకూడదు. ఆ ఆసుపత్రి యాజమాన్యం 2006-07లో కోటి పౌండ్లు ఆదా చేయాలని పూనుకొని, నూటయాభైకి పైగా ఉద్యోగాలు తగ్గించింది. అంతకుముందే అక్కడ నర్సులు చాలినంతమంది లేరు. ఎందుకీ ఆదా? ఎక్కువ స్వతంత్రం ఉండే పై తరగతి హోదా సంపాదించాలని. 2008 ఫిబ్రవరిలో ఆ హోదా వచ్చింది కూడా. వార్డులో గంటలు మోగుతూనే ఉన్నాయి, పై అంతస్తులో లెక్కలు చక్కబడుతున్నాయి.

ఆ ఆసుపత్రి అత్యవసర విభాగంలో హెలెన్ డాన్లీ అనే నర్సు పనిచేసేది. వచ్చిన రోగి నాలుగు గంటలలోపల చికిత్స పొంది అక్కడినుంచి కదలాలని ప్రభుత్వం గడువు పెట్టింది. గడువు దాటితే పైనుంచి చీవాట్లు. అందుకని కాగితం మీద వేళలు మార్చి రాయించేవారని ఆమె తరువాత సాక్ష్యం చెప్పింది. ఇన్‌స్పెక్షన్ రోజున బడి ఎంత కళకళలాడుతుందో తెలిసిన మాబోటివారికి ఈ సంగతి అర్థం కావడం కష్టం కాదు. అంకె కోసం పని చేయమంటే అంకె మాత్రమే బాగుపడుతుంది. ఆమె సుమారు నూరు ఫిర్యాదు పత్రాలు నింపి ఇచ్చింది. ఫలితం? తోటి నర్సులనుంచే బెదిరింపులు. రాత్రి డ్యూటీ దిగి చీకట్లో కారుదాకా నడవడానికి భయపడి, అమ్మానాన్ననో భర్తనో రమ్మనేది. 2008లో ఆ ఉద్యోగం వదిలింది. నర్సింగు బాగాలేదని చెప్పడం నర్సులకు విరోధం అనుకొనేవారు ఈ నర్సును గుర్తుంచుకోవాలి.

2008లో ఆరోగ్య పర్యవేక్షణ సంస్థ విచారణ మొదలుపెట్టి, 2009 మార్చిలో నివేదిక ఇచ్చింది. అత్యవసరంగా చేరినవారిలో చావులు ఉండవలసినదానికన్నా ఎక్కువ ఉన్నాయనీ, వైద్య శిక్షణ లేని రిసెప్షన్ గుమాస్తాలు ఎవరిని ముందు చూడాలో నిర్ణయించేవారనీ అందులో బయటపడింది. 400 మంది నుంచి 1200 మంది దాకా అనవసరంగా చనిపోయారని పత్రికలు అప్పట్లో హోరెత్తించాయి. ఆ అంకె ఆ నివేదికలో అచ్చు కాలేదు. తరువాతి విచారణాధికారి కూడా అటువంటి అంకెను ఆధారంగా తీసుకోకూడదన్నాడు. మనమూ తీసుకోవద్దు. మంచం పక్కన చూసినది చాలు.

ఆ విచారణాధికారి రాబర్ట్ ఫ్రాన్సిస్ అనే న్యాయవాది. 2010లో ఆయన మొదటి నివేదిక వచ్చింది. వందలమంది రోగులు, బంధువులు తమ గోడు వినిపించుకొన్నారు. అయినా సంఘంవారు తృప్తిపడలేదు. ఆసుపత్రిలో ఏమి జరిగిందో తెలిసింది సరే, పైవాళ్లందరూ ఏం చేస్తున్నట్టు అని అడిగారు. అందుకని బహిరంగ విచారణ జరిగింది. 2013 ఫిబ్రవరి 6న వెలువడిన ఆ రెండవ నివేదికలో 290 సిఫారసులు ఉన్నాయి. చదివినవారికి ఆశ్చర్యం కలిగించేది ఒకటే: తెలిసి కూడా చెప్పనివారి జాబితా ఎంత పొడుగో. ఊళ్లోని డాక్టర్లు విచారణ ప్రకటించిన తరువాతగాని నోరు తెరవలేదు. స్థానిక ప్రజాప్రతినిధుల సంఘాలు గట్టిగా అడగలేదు. నర్సుల సంఘం కూడా తన సభ్యురాలికి అండగా నిలబడలేదని విమర్శ వచ్చింది. ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. 2014 నవంబరు నుంచి ఇంగ్లండులో ఒక చట్టనిబంధన వచ్చింది. చికిత్సలో పొరపాటువల్ల రోగికి కీడు జరిగితే ఆసుపత్రి తానే ఆ మాట రోగికో బంధువులకో చెప్పి తీరాలి.

జూలీ బెయిలీకి ఏమి దక్కింది? 2014లో ప్రభుత్వ గౌరవ బిరుదు దక్కింది. దానికి ముందే ఊళ్లో తిట్లు దక్కాయి. మా ఆసుపత్రి పరువు తీసి, దాన్ని మూతవేయించడానికి వచ్చిందని పగబట్టినవారున్నారు. ఆమె తల్లి సమాధిని పాడుచేశారు. హోటలు వదులుకొని, ఊరు విడిచి వెళ్లిపోయింది. చెప్పినవారికి ఖర్చు ఉండదని నేను మీకు చెప్పలేను.

మన దేశం సంగతి చూద్దాం. స్వాతంత్ర్యానికి ముందు సంవత్సరం, 1946లో, భోర్ కమిటీ నివేదిక వచ్చింది. బ్రిటిషు ఇండియాలో 43,000 మంది జనానికి ఒక నర్సు ఉన్నదని అది లెక్క చెప్పింది. డాక్టరైతే 6,300 మందికి ఒకరు. అంటే డాక్టర్లకన్నా నర్సులే అరుదు. ఇటువంటి చోట రోగి పక్కన ఇంటివారు కూర్చోక తప్పలేదు. మనం దాన్ని ప్రేమ అంటాం, అందులో ప్రేమ ఉంది కూడా. సర్కారుకు నర్సుల జీతం మిగలడం కూడా ఉంది. మన పక్కనే, వెల్లూరులో, అమెరికా నుంచి వచ్చిన ఐడా స్కడర్ 1909లోనే నర్సుల బడి పెట్టింది. 1946లో అక్కడే నర్సింగులో డిగ్రీ చదువు మొదలయింది. చిత్తూరు జిల్లావారు ఈనాటికీ తమ ఊరి ఆసుపత్రిలా ఆ వెల్లూరుకు పోవడం మీకు తెలిసిందే. 1911 దాకా చిత్తూరు కూడా ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే కదా.

మంచి నర్సింగు ఎట్లా ఉంటుందో కూడా చెప్పాలి. బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న అరుణా శాన్‌బాగ్ మీద 1973లో ఘోరమైన దాడి జరిగింది. ఆమె తిరిగి కోలుకోలేదు. 2015లో చనిపోయేదాకా 42 ఏళ్లు ఆ ఆసుపత్రి నర్సులే, ఒక తరం తరువాత ఒక తరం, ఆమెను సాకారు. 2011లో సుప్రీంకోర్టు ఆమె కేసులో తీర్పు చెబుతూ, అన్నేళ్లు మంచం మీదనే ఉన్నా ఆమె ఒంటి మీద పడక పుండు రాలేదన్న సంగతిని ప్రత్యేకంగా మెచ్చుకుంది.

మరి చెడిన చోట? 1993 డిసెంబరులో ఢిల్లీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జ్వరంతో ఒక పసివాణ్ణి చేర్చారు. టైఫాయిడ్ అన్నారు. నర్సు చెప్పిన ఇంజెక్షను తండ్రి కొని తెచ్చాడు. తల్లి ఒడిలో ఉన్న బిడ్డకు ఆమె దాన్ని ఎక్కించగానే బిడ్డ వాలిపోయాడు. ఇవ్వవలసిన మందు వేరు, ఇచ్చింది వేరు. బిడ్డ మెదడు మళ్లీ బాగుకాలేనంతగా దెబ్బతిన్నది. ఆ నర్సుకు తగిన అర్హతే లేదని విచారణలో తేలింది. తల్లిదండ్రులు జాతీయ వినియోగదారుల కమిషనుకు వెళ్లారు. బిడ్డకు పన్నెండున్నర లక్షలు, తల్లిదండ్రులకు 5 లక్షలు ఇమ్మని తీర్పు. 1998 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. నర్సు చేసిన తప్పుకు ఆసుపత్రి బాధ్యత వహించాలనీ, మంచం పక్కన కూర్చొని ఆ క్షోభ అనుభవించిన తల్లిదండ్రులు కూడా ఫిర్యాదుకు అర్హులేననీ చెప్పింది. దీనికి దారి వేసినది 1995 నవంబరు 13న వచ్చిన తీర్పు. డబ్బు తీసుకొని చేసే వైద్యం 1986 వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని అప్పుడే తేల్చారు. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రులు మాత్రం ఆ చట్టం కిందికి రావు. ఆ లోటు ఇప్పటికీ లోటే. బీదవాడు ఎక్కువగా పోయేది అక్కడికే మరి.

సరిహద్దు జిల్లాల మనకు ఇంకొక చిక్కు ఉంది. అనంతపురం పల్లెలవారు బళ్లారి పెద్దాసుపత్రికి పోతారు. ఇచ్ఛాపురం వైపువారు బరంపురం మెడికల్ కాలేజీకి పోతారు. యానాంవారి ప్రభుత్వం పుదుచ్చేరిలో, వారికి దగ్గరి పెద్దాసుపత్రి కాకినాడలో. వార్డులో నర్సమ్మ తమిళం పిల్లో, కన్నడం పిల్లో, కేరళ నుంచి వచ్చిన పిల్లో అయి ఉంటుంది. మన అవ్వ "దప్పి, దప్పి" అంటే తమిళం వినే చెవికి అది "తప్పించుకొని" అన్నట్టు వినిపిస్తుంది. నర్సమ్మ తప్పు లేదు, అవ్వ తప్పూ లేదు, నీళ్లు మాత్రం రావు. రెండు భాషలు వచ్చిన మనిషి ఆ పూట ఆ మంచం పక్కన ఉండడం ఒక మందుతో సమానం. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషను తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులు ఉన్నాయి. జబ్బు సంగతి రోగికి అర్థమయ్యే భాషలో చెప్పించుకోవడం, ఫిర్యాదు చేసి దాని పరిష్కారం పొందడం అందులో ఉన్నాయి.

చెప్పదలచుకొన్నది కేకలు వేసి చెప్పవద్దు. చేయి చేసుకోవడం అసలే వద్దు. పన్నెండు గంటలుగా నిలబడి ముప్పైమందిని ఒక్కతే చూస్తున్న పిల్లమీద అరిస్తే ముప్పై ఒకటవ పని తోడవుతుంది. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరిని పిలిచారు, ఎప్పుడు వచ్చారు, పక్క ఎప్పుడు తిప్పారు, ఏ ఇంజెక్షను ఇచ్చారు అన్నది అప్పటికప్పుడే రాయండి. మొదట వార్డు సిస్టరుతో నెమ్మదిగా మాట్లాడండి. వినకపోతే నర్సింగు సూపరింటెండెంటుకు, ఆ పైన ఆసుపత్రి సూపరింటెండెంటుకు కాగితం రాసిచ్చి, నకలు మీద సంతకం పుచ్చుకోండి. చికిత్స కాగితాలు అడిగితే 72 గంటలలోపల ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నియమాలు చెబుతున్నాయి.

ఇక పొరుగు రాష్ట్రంలో వైద్యం చేయించుకొన్నవారికి. 1986 చట్టం ఉన్నన్నాళ్లు ఫిర్యాదు ఆసుపత్రి ఉన్న చోటనే వేయవలసి వచ్చేది. పలమనేరు మనిషి బెంగుళూరు కోర్టు చుట్టూ తిరగలేక మానుకొనేవాడు. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని కమిషనులోనే వేయవచ్చు. విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. కొత్త చట్టంలో వైద్యం అన్న మాట విడిగా లేదు గనుక అది వర్తించదని వాదించినవారున్నారు. 2022లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని కొట్టివేసింది. జరిగిన నాటినుంచి రెండేళ్లలోపల వేయాలి. ఆ తేదీ మీ నోటు పుస్తకంలో ఉంటుంది.